నగరయాత్రికుడు - టిక్కెట్టు వెల

నగరమునకు వచ్చు క్రొత్తవానికి దారి చెప్పువారు వీధివీధిని గలరు. పైకము చెల్లించు విధము చెప్పువారు మాత్రము అరుదు. బస్సులో కండక్టరు చిల్లర యడుగును. మెట్రోద్వారము కార్డునో క్యూఆర్ కోడునో యడుగును. లోకలు రైలునకు రైల్వేవారి టిక్కెట్టు వేరుగా గొనవలయును. పరీక్షకు వచ్చిన విద్యార్థియు, వైద్యమునకు వచ్చిన రైతును, వ్యాజ్యమునకై హైకోర్టునకు వచ్చిన భూస్వామియు, కుమారుని యింటికి వచ్చిన వృద్ధదంపతులును ఈ చిక్కును ఎవరికి వారే విప్పుకొనుచున్నారు. ఒకే దారిని, ఒకే దినమున, తెలిసినవాడు తక్కువ యిచ్చి పోవుచున్నాడు. తెలియనివాడు ఎక్కువ యిచ్చి పోవుచున్నాడు. ఈ వ్యత్యాసము న్యాయమైనదేనా? దీనిని గూర్చి మా పాఠకులకు నాలుగుమాటలు చెప్పదలచితిమి.

ఇట్టి సంగతి ఇంతటి చర్చకు దగునా యని కొందరు శంకింపవచ్చును. ప్రయాణపు ఛార్జీ ఎన్నడును స్వల్పవిషయము గాదని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1917 సంవత్సరమున గాంధీమహాత్ముడు మూడవతరగతి రైలుప్రయాణికుల యిక్కట్లను వర్ణించుచు పత్రికలకు లేఖ వ్రాసెను. స్వాతంత్ర్యము వచ్చిన ఆరేండ్లకు, 1953లో, కలకత్తాలో ట్రాములు నడుపుచుండిన బ్రిటిషు కంపెనీ రెండవతరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచగా నగరమంతయు కదలెను. ఆ హెచ్చింపు నిలువలేదు. ఒక్క పైసాకై అంత యుద్యమమా యని నాడు నవ్వినవారు ఉండియుందురు. కాని దినమునకు రెండుమారులు ట్రామెక్కువానికి ఆ పైసా విలువ తెలియును. నేటి ప్రశ్న ఛార్జీ యెంత యనుటతో ముగియుట లేదు. ఆ ఛార్జీని ఏ రూపమున స్వీకరింతురు, ఏ రూపమున స్వీకరింపరు అనునదియు దానితో జేరినది.

భాగ్యనగరమునే చూతము. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డురవాణాశాఖ 27 బస్సులతో ఆరంభమైనది. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థ యేర్పడినది. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునకు వేరొక సంస్థ వచ్చినది. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు బయలుదేరినవి. 2017 నవంబరులో మెట్రో నడువనారంభించి, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములుగా 69 కిలోమీటర్లకు విస్తరించినది. ఒకదాని వెనుక నొకటిగా ఇన్ని సౌకర్యము లేర్పడుట సంతోషకరమే. అయితే ఒక్కొక్కటి తన గల్లాపెట్టెను తాను వెంటదెచ్చుకొన్నది. ప్రయాణికుని దృష్టిలో నగర మొక్కటి; టిక్కెట్టు దృష్టిలో నగరములు మూడు.

ఒక యుదాహరణము చెప్పుదుము. కరీంనగరము వైపునుండి ఒక రోగి ఉస్మానియా ఆసుపత్రికై బస్సులో వచ్చి జూబిలీ బస్సుస్టేషనులో దిగుననుకొందము. అచ్చటనే మెట్రో యెక్కి, మహాత్మాగాంధీ బస్సుస్టేషనువద్ద మార్గము మారి, ఒక్క స్టేషను ముందుకు సాగినచో ఉస్మానియా వైద్యకళాశాల స్టేషను వచ్చును. మార్గము మారినను మరల టిక్కెట్టు గొన నక్కరలేదు. మొదట దీసికొన్న టిక్కెట్టే నిర్గమద్వారమువరకు చెల్లును. ఇది మెట్రోలోని సుఖము. కాని అతడు స్టేషనుదాటి బస్సెక్కవలసివచ్చినచో మెట్రోకిచ్చిన పైకము అచ్చట గణనకు రాదు. క్రొత్త టిక్కెట్టు తీయవలసినదే. తక్కువ దూరమునకు రెండు కనీసపు ఛార్జీలు చెల్లించుట యన్నమాట. మెట్రోవారు 2025 మే నెలలో ఛార్జీలను హెచ్చించిరి. అంతకుముందు 10 రూపాయలనుండి 60 రూపాయలవరకు నుండినది 12 నుండి 75 వరకు చేసి, ప్రజల యసంతృప్తిని గమనించి కొలదిదినములకే పదవవంతు తగ్గించి 11 నుండి 69 వరకు నిర్ణయించిరి. కనీసపు ఛార్జీ చిన్నదే. అది దినమునకు పలుమారులు పడునప్పుడు, రోగితోబాటు తోడువచ్చినవారికిని పడునప్పుడు చిన్నది గాదు.

ఇట్టి స్థితిలో యాత్రికుడు చేయదగిన దేమి? మొదటిపని లెక్క. నగరమున ఎన్ని దినము లుండవలయును, దినమునకు ఎన్నిమారులు వాహన మెక్కవలయును, ఎక్కునది బస్సా మెట్రోయా - ఈ మూడింటిని బయలుదేరకమునుపే కాగితముమీద వ్రాసికొనవలయును. ఒక్క పని చూచుకొని సాయంకాలము తిరిగిపోవువానికి ఏ పాసును, ఏ కార్డును అక్కరలేదు. పోవుటకొక టిక్కెట్టు, వచ్చుట కొక టిక్కెట్టు చాలును. దినమెల్ల ఊరు తిరుగువానికి దినపు పాసు మేలు. బస్సుల విషయమున ఆర్టీసీవారు ఇరువదినాలుగు గంటల టిక్కెట్టు నొకదాని నేర్పరచిరి. ఢిల్లీ మెట్రోవారు యాత్రికులకై ఒక దినపు కార్డును, మూడు దినముల కార్డును ఏర్పరచిరి. బొంబాయి లోకలు రైళ్లలో ఒకటి, మూడు, ఐదు దినముల యాత్రికుల టిక్కెట్లు గలవు. పాసు కొనదగునా తగదా యని తెలిసికొనుట సులభము. పాసు వెలను ఒక్క ప్రయాణపు ఛార్జీతో భాగింపవలయును. ఉదాహరణమునకు పాసు వెల నూరు రూపాయలు, ఒక ప్రయాణమునకు ఇరువది రూపాయలు అనుకొన్నచో, ఆరవమారు వాహన మెక్కినప్పుడుగాని లాభము మొదలుకాదు. ఆరుమారు లెక్కునట్టి పని లేనివాడు పాసు గొనుట సంస్థకు దానము చేయుటయే.

రెండవది కార్డు. కార్డు గొనునప్పుడు మూడు ప్రశ్న లడుగవలయును. కార్డునకే వేరుగా వెల యున్నదా? ఆ వెల తిరిగి వచ్చునా? అందు వేసిన పైకము మిగిలినచో ఏమగును? 2024 ఫిబ్రవరిలో రిజర్వుబ్యాంకువారు ప్రజారవాణాకు మాత్రమే పనికివచ్చు కార్డులను గుర్తింపు పత్రముల విచారణ లేకయే జారీచేయుటకు అనుమతించిరి. అందు నిలువ 3,000 రూపాయలు మించరాదు. ఇది క్రొత్తవానికి మేలైన యేర్పాటే. అయితే అదే యుత్తరువున మరియొక నిబంధన గలదు: ఆ కార్డులోని పైకమును నగదుగా తీసికొనుటకుగాని, వాపసు పొందుటకుగాని, వేరొక ఖాతాకు మార్చుకొనుటకుగాని వీలులేదు. నాలుగుదినములకు వచ్చినవాడు వేయిరూపాయలు వేసి, రెండువందలు ఖర్చుచేసి యూరికిబోయినచో, మిగిలిన యెనిమిదివందలు మరల నగరమునకు వచ్చువరకు కార్డులోనే నిద్రించును. కావున కొద్దికొద్దిగ వేసికొనుటయే వివేకము. మరియు మెట్రోద్వారమువద్ద ఒక్క కార్డుతో ఇద్దరు ఒకేసారి లోనికి బోలేరు. భార్యాబిడ్డలతో వచ్చినవాడు తలకొక కార్డు గొనవలసియుండును. అట్టి కుటుంబమునకు రెండుమూడు దినములకై కార్డులు గొనుటకంటె విడిటిక్కెట్లే చౌక.

మూడవది చేతిఫోను. 2016లో యూపీఐ వచ్చినప్పటినుండి మన దేశమున చిల్లరబాధ చాలవరకు తీరినది. కండక్టరు టిక్కెట్టు వెనుక "ఇంత బాకీ" యని వ్రాసి యిచ్చుట, దిగువేళ ఆ బాకీకై ప్రయాణికుడు తొక్కిసలాడుట, ఇద్దరు ప్రయాణికులకు గలిపి ఒక నోటిచ్చి మీలో మీరు పంచుకొనుడనుట మన మెరుగని వింతలు గావు. భాగ్యనగరపు మెట్రోలో వాట్సాప్ ద్వారా గూడ టిక్కెట్టు తీయవచ్చును. ఇవి సుఖములే. కాని ఫోనుటిక్కెట్టు ప్రవేశద్వారమున నొకమారు, నిర్గమద్వారమున నొకమారు చూపవలసియుండును. మధ్యలో ఫోను ఆరిపోయినచో టిక్కెట్టు గొన్నవాడును టిక్కెట్టు లేనివానివలె నిలువవలసివచ్చును. కావున ఫోనును నమ్ముకొన్నవాడును జేబులో కొంత నగదు ఉంచుకొనవలయునని మా సలహా. విదేశమునుండి వచ్చిన మన తెలుగువారికి ఈ చిక్కు మరియొక రూపమున ఎదురగుచున్నది. ఇచ్చటి బ్యాంకుఖాతాయు ఇచ్చటి నంబరును విడిచిపెట్టి యేండ్లు గడచినవారు స్వదేశమునకు వచ్చి, కూరగాయలబండివద్ద సహితము చెల్లు పద్ధతి తమకు చెల్లక, తమ్ముని ఫోనుపైనో మరదలి ఫోనుపైనో ఆధారపడుచున్నారు.

స్త్రీల విషయ మొకటి ప్రత్యేకముగ చెప్పదగియున్నది. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకము క్రింద, సాధారణపు బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించినవి. కూలికిబోవు స్త్రీకి, కళాశాలకు బోవు బాలికకు ఇది యెంత మేలో వేరుగా వర్ణింప నక్కరలేదు. కాని ఆయా రాష్ట్రముల నివాసినులకే ఆయా పథకము వర్తించును; కండక్టరు అడిగినప్పుడు గుర్తింపుకార్డు చూపవలయును. విజయవాడనుండి కుమార్తె ప్రసవమునకై భాగ్యనగరమునకు వచ్చిన తల్లి సికిందరాబాదులో ఛార్జీ యిచ్చుకొనవలసినదే. వరంగల్లునుండి విశాఖకు పోయిన సోదరియు అట్లే. ఒకే భాష మాటలాడుచు, ఒకే బస్సులో ప్రక్కప్రక్క గూర్చున్న యిద్దరు స్త్రీలలో ఒకరికి సున్నా టిక్కెట్టు, మరియొకరికి వెలగల టిక్కెట్టు లభించుచున్నవి. రాష్ట్రపు పన్నులతో నడచు పథకమును ఆ రాష్ట్రమువారికే పరిమితము చేయుటలో తప్పు లేదని ప్రభుత్వములు చెప్పవచ్చును. అది నిజమే. అయినను ఇరుప్రభుత్వములు కూడబలుకుకొని పరస్పరము గుర్తించుకొన్నచో ఇరువైపుల భారము చాలవరకు సరితూగును. ఇరువైపుల ఆడపడుచులకు మేలు గలుగును. అంతవరకు, పొరుగురాష్ట్రమునకు పోవు స్త్రీలు ఛార్జీకి సరిపడు చిల్లర వెంటనుంచుకొనుట మేలు.

ఇక పరదేశపు టనుభవ మొకటి చూతము. లండను నగరమున మన తెలుగువారు వేలకొలది స్థిరపడియున్నారు. వారి తలిదండ్రులు యేటేట పోవుచు వచ్చుచున్నారు. ఆ నగరపు బస్సులలో 2014 జూలైనుండి నగదు పుచ్చుకొనుట మానివేసిరి. చేతినిండ నాణెములున్నను బస్సెక్కుటకు వీలులేదు. ఈ కఠినత్వమును మేము మెచ్చము. కాని అచ్చటివారు దీనితోబాటు మరియొక యేర్పాటు చేసిరి. దానిని మెచ్చక తప్పదు. 2003లో ఆయిస్టరు అను కార్డును ప్రవేశపెట్టిరి. బ్యాంకుకార్డులను 2012 డిసెంబరునుండి బస్సులలోను, 2014 సెప్టెంబరునుండి భూగర్భరైళ్లలోను నేరుగా స్వీకరించుచున్నారు. ప్రయాణికుడు ఎన్నిమారులు కార్డు తాకించినను యంత్రము ఆ దినపు ఛార్జీలను గూడుకొనుచు బోవును. మొత్తము ఒక హద్దును చేరగానే ఆపైన వసూలు చేయదు. సోమవారమునుండి ఆదివారమువరకు వారమునకును అట్లే యొక హద్దు గలదు. ఒక గంటలోపల ఎన్ని బస్సులు మారినను ఒక్క ఛార్జీయే. అనగా పాసు గొందమా, విడిటిక్కెట్టు గొందమా యని క్రొత్తవాడు తల బ్రద్దలుకొట్టుకొన నక్కరలేదు. అతనికి ఏది చౌకయో యంత్రమే లెక్కించి యిచ్చును.

అచ్చటను జాగ్రత్తలు లేకపోలేదు. ఉదయమున కార్డును, సాయంకాలమున అదే కార్డునకు చేర్చిన ఫోనును తాకించినచో యంత్రము ఇద్దరు ప్రయాణికులుగ భావించును. హద్దు లెక్కకు రాదు. రైలునుండి దిగునప్పుడు తాకింప మరచినచో ఎక్కువ ఛార్జీ పడును. మన దేశపు బ్యాంకుకార్డును వాడినచో విదేశమారకపు రుసుము ఆ బ్యాంకు వసూలు చేయవచ్చును. అట్టివారికి ఆయిస్టరు కార్డు గొని అందు పైకము వేసికొనుట మేలు. ఆ పైకమును అంగళ్లలో నగదుగ గూడ వేయించుకొనవచ్చును. లండనుపోవు మన పెద్దలు బయలుదేరుటకు ముందే ఈ సంగతులను కుమారులవలన, కుమార్తెలవలన తెలిసికొనిపోవుదురుగాక.

లండను చేసినదానిని మనము చేయలేమా? సాధనము మనచేతిలోనే యున్నది. 2019 మార్చి 4వ తేదీన ప్రధానమంత్రి నరేంద్రమోదీ అహమ్మదాబాదులో జాతీయ సామాన్య రవాణాకార్డును ప్రారంభించిరి. ఒక్క దేశము, ఒక్క కార్డు అని నాడు చాటిరి. స్వదేశపు రూపే పద్ధతిపై నిర్మితమైన యీ కార్డు ఢిల్లీ, బెంగుళూరు, చెన్నై మెట్రోలలో చెల్లుచున్నది. గుంటూరువాడు తన బ్యాంకువద్ద దీసికొన్న కార్డుతో ఢిల్లీలో మెట్రో యెక్కగలుగుట నిజముగ గర్వింపదగిన విషయము. కాని కార్డు ఒక్కటైనంతమాత్రమున కార్య మీడేరదు. ఆ కార్డు మెట్రోలోను, దానిప్రక్క నిలిచిన బస్సులోను, ఎదుటి రైల్వేస్టేషనులోను గూడ చెల్లవలయును. చెల్లుటయే గాక, మూడింటి ఛార్జీలను గలిపి లెక్కించి హద్దు విధింపవలయును. అప్పుడే అది సామాన్యకార్డు. లేనిచో అనేక సంచులలో మరియొక సంచి మాత్రమే.

ఇందు పేదవాని పక్షమున చెప్పవలసినది యొకటి గలదు. పాసులలోని చౌకదనమంతయు ముందుగ పైకము చెల్లింపగలవానికే లభించుచున్నది. నెలజీతగాడు నెలపాసు గొని లాభము పొందుచున్నాడు. దినకూలి యేనాటి కానాడు టిక్కెట్టు గొనుచు, నెలకు లెక్కించినచో జీతగానికంటె ఎక్కువ చెల్లించుచున్నాడు. అతనికి బుద్ధి లేకగాదు. ఒక్కసారి యిచ్చుటకు చేతిలో రొక్కము లేక. హద్దు పద్ధతిలో ఈ యన్యాయము తొలగును. కొంచెముకొంచెముగ నిచ్చువాడును పాసువెలను చేరగానే తక్కిన ప్రయాణములు ఉచితముగ చేయగలుగును. యాత్రికునికి మేలుచేయు పద్ధతియే దినకూలికిని మేలుచేయుట యిందలి విశేషము.

సంస్థలవారి యభ్యంతరములను మేము ఎరుగుదుము. నగదు లెక్కించుట, దాచుట, బ్యాంకునకు జేర్చుట ఖర్చుతో గూడిన పని. చిల్లర యిచ్చుటలో కాలము పోవును. ఎగవేతలకు అవకాశము గలదు. ఇవన్నియు నిజములే. కావుననే నగదు తగ్గించి కార్డులను, ఫోనులను ప్రోత్సహించుటకు మేము వ్యతిరేకులము గాము. తగ్గించుట వేరు, నిరాకరించుట వేరు. 1934 నాటి రిజర్వుబ్యాంకు చట్టపు 26వ సెక్షను ప్రకారము బ్యాంకునోటు దేశమంతటను చెల్లవలసిన ద్రవ్యము. ప్రజాధనముతో నడచు వాహనమున, ప్రభుత్వమే ముద్రించిన నాణెము చెల్లదనుట వింతగ నుండదా? ఫోను లేని వృద్ధుడును, బ్యాంకుఖాతా లేని వలసకూలియు పౌరులే. హద్దు విధించినచో ఆదాయము తగ్గునని మరియొక యభ్యంతరము. దినమున ఇంతకుమించి ఖర్చు గాదని తెలిసిన యాత్రికుడు ఆటోను విడిచి బస్సును, మెట్రోను ఆశ్రయించును. ఖాళీగ పోవు మధ్యాహ్నపు బండ్లు నిండును. ఖాళీ యాసనమున గూర్చున్నవానివలన సంస్థకు నష్టమేమి?

కాబట్టి అధికారులకు మా విన్నపము లివి. భాగ్యనగరమున బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడింటను జాతీయ సామాన్యకార్డు చెల్లునట్లు చేసి, దినమునకును వారమునకును ఉమ్మడి హద్దు నేర్పరచవలయును. విశాఖలోను విజయవాడలోను మెట్రో నిర్మింపదలచినవారు నిర్మాణారంభముననే యీ సంగతిని తలపోయవలయును. కట్టినపిమ్మట కలుపుట కష్టము. నగదుతో టిక్కెట్టు గొను వసతి ఎల్లకాలము ఉంచవలయును. కార్డులో మిగిలిన పైకమును ప్రయాణికుడు కోరినప్పుడు తిరిగి యిచ్చునట్లు రిజర్వుబ్యాంకువారు నిబంధనను సడలింపవలయును. రైల్వేస్టేషనులలోను, బస్సుస్టేషనులలోను, విమానాశ్రయమునందును ఏ టిక్కెట్టు ఎవరికి తగునో, ఏది యెంత వెలయో, పెద్దయక్షరములతో, తెలుగున, క్రొత్తవాడు దిగగానే కంటబడుచోట వ్రాయింపవలయును. ఇందు మొదటిదానికి కాలము పట్టవచ్చును. చివరిదానికి ఒక పలకయు కొంత రంగును చాలును. ఆ పలకలతోనైనను పని మొదలుపెట్టుదురని ఆశించుచున్నాము.